వకీలు సాక్షిగా మారిన వేళ

మతాన్ని గురించి మాట్లాడటం మొదలుపెట్టి, ఎవరి మనసూ నొచ్చుకోకుండా ముగించడం చాలా కష్టమైన పని. రైలు ప్రయాణంలో ఎదుటి సీటులోని పెద్దమనిషి, కాలేజీలో మన పిల్లల స్నేహితులు, పెళ్లింట్లో పక్కన కూర్చున్న బంధువు... ఎవరో ఒకరు మన విశ్వాసాన్ని గురించి ఒక ప్రశ్న వేస్తారు. అప్పుడు మనలో కొందరు తలవంచుకొని మౌనం వహిస్తారు, మరికొందరు వెంటనే యుద్ధం ప్రకటిస్తారు. మౌనం వల్ల సాక్ష్యం పోతుంది, యుద్ధం వల్ల పక్కనున్న మనిషే దూరమైపోతాడు. ఈ రెండింటికీ మధ్య మరో దారి ఉందా? ఉందని చెప్పడమే గాక, ఆ దారిలో అరవై ఏళ్లకు పైగా నడిచి చూపించిన ఒక దైవజనుడిని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం. ఆయన పేరు ఇ. స్టాన్లీ జోన్స్. మన హైదరాబాదు, వికారాబాదు ప్రాంతాల్లోని ఎన్నో సంఘాలకు పునాది వేసిన మెథడిస్టు ఎపిస్కోపల్ మిషనే ఆయన్నూ ఈ దేశానికి పంపింది. కాబట్టి ఆయన మనకు మరీ పరాయివాడేమీ కాదు.

స్టాన్లీ జోన్స్ 1884 జనవరి 3న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో పుట్టాడు. 17 ఏళ్ల వయసులో ప్రభువుకు తన జీవితాన్ని అప్పగించుకున్నాడు. కెంటకీ రాష్ట్రంలోని ఆస్‌బరీ కాలేజీలో చదువుకున్నాడు. ఆయన పరిచర్య మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి ఆయన చేసిన మొట్టమొదటి ప్రసంగాన్ని గురించి తెలుసుకుంటే చాలు. దాన్ని ఆయనే తర్వాతి కాలంలో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. చిన్న చర్చి, నిండా బంధువులు, స్నేహితులు. కుర్రవాడు ఏం చెబుతాడోనని అందరూ ఆశగా చూస్తున్నారు. దేవుని పక్షాన ఒక వకీలులాగా నిలబడి, గట్టిగా వాదించి కేసు గెలవాలన్నది ఆయన ఆశ. మూడు వారాలపాటు సిద్ధపడ్డాడు కూడా. తీరా నాలుగైదు మాటలయ్యాక, అంతవరకూ ఎన్నడూ వాడని ఒక పెద్ద పదాన్ని వాడాడు. అది విని ఒక అమ్మాయి నవ్వు ఆపుకోలేక తలదించుకుంది. అంతే! సిద్ధం చేసుకున్నదంతా మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. సిగ్గుతో తన చోటికి వెళ్లి కూర్చోబోతుండగా, నేను నీకేమీ చేయలేదా, చేసినదే చెప్పలేవా అని ప్రభువు లోలోపల తనను అడిగినట్టు ఆయనకు అనిపించింది. వెనక్కి తిరిగాడు. ప్రసంగం మరచిపోయాననీ, ప్రభువు తన జీవితంలో ఏం చేశాడో మాత్రం చెప్పగలననీ ఒప్పుకొని, తడబడుతూనే ఆ నాలుగు మాటలూ చెప్పాడు. కూడిక ముగిశాక ఒక యువకుడు ముందుకొచ్చి తనకూ ఆ ప్రభువు కావాలన్నాడు!

వకీలుగా తాను ఘోరంగా ఓడిపోయాననీ, సాక్షిగా మాత్రం ఉపయోగపడ్డాననీ ఆయన ఆ రోజే గ్రహించాడు. వకీలుకు, సాక్షికి ఎంత తేడా ఉందో చూడండి. వకీలు ఎదుటి పక్షాన్ని ఓడించాలి, దాని బలహీనతలు వెదకాలి, తన పక్షంలోని లోపాలను కప్పిపుచ్చుకోవాలి. సాక్షికి ఆ బాధలేవీ లేవు. తాను కన్నది, విన్నది, అనుభవించింది చెబితే చాలు, తీర్పు చెప్పేవాడు వేరే ఉన్నాడు. ప్రభువు పరలోకానికి ఆరోహణమయ్యే ముందు తన శిష్యులకు అప్పగించింది కూడా సాక్షుల పనే కదా (అపొ.కా. 1:8).

1907లో, 23 ఏళ్ల వయసులో ఆయన మన దేశానికొచ్చాడు. లక్నోలో ఇంగ్లిషు మాట్లాడే ఒక సంఘానికి పాస్టరుగా పరిచర్య మొదలుపెట్టాడు. లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కాలేజీలో బోధిస్తున్న మేబెల్ లాసింగ్‌ను 1911లో పెళ్లి చేసుకున్నాడు. తర్వాత సీతాపూర్‌కు మారారు. అక్కడ ఆమె బాలుర పాఠశాలను నడిపింది, ఆయన చుట్టుపక్కల గ్రామాల్లో, ముఖ్యంగా సమాజం అంటరానివారిగా వెలివేసిన పేదల మధ్య పరిచర్య చేశాడు.

ఆ రోజుల్లో ఆయన టెన్నిస్ ఆడేందుకు వెళ్లే చోట చదువుకున్న హిందువులు, ముస్లిములు పరిచయమయ్యారు. ఒక సాయంత్రం ఆట ముగిశాక ఒక హిందూ అధికారి ఆయన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగాడు. మీరెప్పుడూ పేదవారి దగ్గరికే వెళ్తారు, మా దగ్గరికెందుకు రారు అన్నది ఆ ప్రశ్న. మీకు మేము అక్కర్లేదనుకున్నామని జోన్స్ జవాబిచ్చాడు. రావలసిన పద్ధతిలో వస్తే మాకు మీరు కావాలని ఆ అధికారి అన్నాడు. ఈ చిన్న సంభాషణ ఆయన్ను నిద్రపోనివ్వలేదు. రావలసిన పద్ధతి అంటే ఏమిటి? తన జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెదకడమే అయిందంటే అతిశయోక్తి కాదు.

ఆ జవాబు సులభంగా దొరకలేదు. విద్యావంతుల మధ్యకు వెళ్లి నిలబడేంత బలం తనలో లేదని ఆయనకు తెలుసు. ఎనిమిదేళ్ల శ్రమతో శరీరం, మనసు రెండూ కుంగిపోయాయి. విశ్రాంతి కోసం అమెరికా వెళ్తుండగా ఓడలోనే కుప్పకూలాడు. కోలుకొని తిరిగొచ్చాక కూడా మళ్లీ మళ్లీ అదే స్థితి. ఇక పరిచర్య మానేసి ఏదైనా పొలంలో పనిచేసుకొని ఆరోగ్యం బాగుచేసుకోవాలనేంత దాకా వచ్చింది. 1917లో లక్నోలోని చర్చిలో ఒక రాత్రి ప్రార్థనలో ఉండగా, ఆ భారాన్ని తనకప్పగించమని ప్రభువు అడిగినట్టు ఆయన గ్రహించాడు. తన శక్తి అయిపోయిందని నిజాయితీగా ఒప్పుకొని, ఆ బేరం అక్కడికక్కడే కుదుర్చుకున్నాడు. ఆనాడు లేచిన మనిషి ఆ తర్వాత అర్ధశతాబ్దం పైగా దేశదేశాలు తిరిగి ప్రసంగించాడు. తన బలాన్ని నమ్ముకున్నవాడికి ప్రతి ప్రశ్నా ఒక బెదిరింపే. ప్రభువును నమ్ముకున్నవాడు ప్రశ్నలను ప్రశాంతంగా వినగలడు. జోన్స్‌లోని మర్యాదకు వేరు ఇక్కడుంది.

ఆయన విద్యావంతుల మధ్య కూడికలు ప్రారంభించినప్పుడు వాతావరణం ఎలా ఉండేదో మనం గుర్తు చేసుకోవాలి. ఉత్తర భారతంలో బహిరంగ మతవాదాలకు పెద్ద చరిత్రే ఉంది. 1854లో ఆగ్రాలో జర్మన్ మిషనరీ ఫాండర్‌కు, ముస్లిం పండితుడు రహ్మతుల్లా కైరానవీకి మధ్య రెండు రోజులపాటు జరిగిన వాదం ఎంతో పేరుపొందింది. అందులో గెలిచిందెవరన్న మరో వాదం ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నడిచింది! అటువంటి వాదాల్లో ఒకరి గ్రంథంలోని తప్పులు మరొకరు వెదికేవారు, జనం చప్పట్లు కొట్టేవారు, ఎవరి ఇంటికి వారు వెళ్లేటప్పుడు మరింత కోపాన్ని మోసుకెళ్లేవారు.

మొదట్లో జోన్స్ కూడా ఒక పొడవైన కోటగోడను కాపాడుతున్న సిపాయిలాగే ఉండేవాడు. ఆదికాండం మొదలుకొని ప్రకటన గ్రంథం దాకా, సంఘ చరిత్ర, పాశ్చాత్య నాగరికత అన్నింటినీ సమర్థించవలసిన బాధ్యత తనదే అనుకునేవాడు. ఎవరు ఎక్కడ రాయి విసిరితే అక్కడికి పరుగెత్తేవాడు. కొంతకాలానికి ఆయనకు అర్థమైందేమిటంటే, ఈ పరుగులో తాను అసలు చెప్పవలసిన వ్యక్తి దగ్గర నిలబడటానికే సమయం దొరకడం లేదు. అందుకే ఆ గోడను కుదించుకున్నాడు. తాను చెప్పేది క్రీస్తును గురించి మాత్రమేనని నిర్ణయించుకున్నాడు. పాశ్చాత్య దేశాలు చేసిన పాపాలను ఎవరైనా ఎత్తిచూపితే వాటిని సమర్థించేవాడు కాదు, అవును నిజమేనని ఒప్పుకొనేవాడు. ఆ క్రీస్తు వెలుగులో మా నాగరికత కూడా తీర్పు పొందవలసిందేనని చెప్పేవాడు. ఆ రోజుల్లో ఒక తెల్ల మిషనరీ నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

కూడికలకు ఆయన కొన్ని నియమాలు పెట్టుకున్నాడు. తాను వచ్చింది క్రీస్తును గురించి చెప్పడానికేనని ముందుగానే బాహాటంగా ప్రకటించాలి, ఎవరినీ మభ్యపెట్టి పిలవకూడదు. ఎవరి మతంపైనా దాడి చేయనని మాట ఇవ్వాలి, ఆ మాటకు కట్టుబడాలి. సభకు ఆ ఊరి హిందూ, ముస్లిం పెద్దల్లో ఒకరిని అధ్యక్షుడిగా కూర్చోబెట్టాలి. ప్రసంగం తర్వాత ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబివ్వాలి. ఈ నియమాల్లో ధైర్యం, మర్యాద రెండూ ఉన్నాయి. దాచిపెట్టి మాట్లాడటం మర్యాద కాదు, గాయపరచి మాట్లాడటం ధైర్యమూ కాదు.

1919లో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో ఆయన గాంధీజీని మొదటిసారి కలిశాడు. క్రైస్తవ్యం ఈ నేలలో పరాయి మొక్కలా కాక సొంత మొక్కలా వేళ్లూనుకోవాలంటే ఏం చేయాలో చెప్పమని అడిగాడు. గాంధీజీ నాలుగు సలహాలిచ్చాడు. క్రైస్తవులంతా, మిషనరీలతో సహా, యేసులాగా జీవించడం మొదలుపెట్టాలి. తమ విశ్వాసాన్ని కల్తీ చేయకుండా, పలుచన చేయకుండా ఆచరించాలి. ప్రేమనే కేంద్రంగా చేసుకోవాలి. ఇతర మతాలను సానుభూతితో అధ్యయనం చేసి వాటిలోని మంచిని గుర్తించాలి. మరో మతానికి చెందిన వ్యక్తిని తన పరిచర్యను గురించి సలహా అడగడానికి ఎంత వినయం కావాలో ఒక్కసారి ఆలోచించండి. క్రైస్తవులు తమ విశ్వాసాన్ని పలుచన చేసుకోవద్దని ఆ మాట చెప్పింది గాంధీజీ అన్నది కూడా మనం మరచిపోకూడదు. ఆ తర్వాత వారిద్దరి స్నేహం గాంధీజీ మరణం దాకా కొనసాగింది. కొన్ని విషయాల్లో ఇద్దరికీ ఏకీభావం కుదరలేదు. అయినా ఆ భేదం స్నేహాన్ని చెరపలేదు.

ఈ అనుభవాలన్నింటినీ ఆయన 1925లో ద క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్ అన్న పుస్తకంగా వెలువరించాడు. అది లక్షలాది ప్రతులు అమ్ముడై ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిపెట్టింది. 1928లో అమెరికాలో ఆయన మిషను మహాసభ ఆయన్ను బిషప్‌గా ఎన్నుకుంది. కానీ అభిషేకానికి ముందే ఆయన రాజీనామా చేసి, తన పిలుపు సువార్తికుడిగానే అని చెప్పి వచ్చేశాడు. పదవుల కోసం సంఘాలు కోర్టు మెట్లెక్కుతున్న మన కాలానికి ఇది వింతగానే తోస్తుంది!

అదే 1928లో ఆయన మరో పుస్తకం రాశాడు. దాని పేరు క్రైస్ట్ ఎట్ ద రౌండ్ టేబుల్. రౌండ్ టేబుల్ అనగానే 1930 నుంచి 1932 వరకు లండన్‌లో జరిగిన రాజకీయ సమావేశాలు గుర్తొస్తాయి. జోన్స్ గుండ్రబల్ల సమావేశాలు వాటికంటే ముందువి, రాజకీయాలతో వాటికి సంబంధం లేదు. ఒక హిందూ పెద్దమనిషి ఆయన్ను తేనీటి విందుకు పిలిచి, ఊళ్లోని ప్రముఖులతో కలిపి కూర్చోబెట్టి మాట్లాడించిన సందర్భంలో ఈ ఆలోచన మొలకెత్తింది. వేదిక మీద నిలబడి తానొక్కడే మాట్లాడటం కంటే అందరూ వలయాకారంగా కూర్చొని మాట్లాడుకుంటే మేలనిపించింది. అలా ఒక్కో ఊళ్లో ఇతర మతాలవారు సుమారు 15 మంది, క్రైస్తవులు ఐదారుగురు కూర్చునేవారు. ఆ క్రైస్తవుల్లో కూడా ఎక్కువమంది భారతీయులే. దేవుడున్నాడో లేడో తెలియదనేవారికి, అసలు లేడనేవారికి కూడా ఆ వలయంలో చోటుండేది.

అక్కడి నియమం చాలా సులభంగా కనిపిస్తుంది, పాటించడం మాత్రం మహా కష్టం. ఎవరూ వాదించకూడదు, తమ పక్షాన్ని గెలిపించుకోవడానికి ప్రయత్నించకూడదు, సిద్ధాంతాలు వల్లించకూడదు. తన మతం తన అనుభవంలో తనకేమిచ్చిందో ప్రతి ఒక్కరూ చెప్పాలి. దేవుణ్ణి తెలుసుకున్నారా, పాపాన్ని జయించే శక్తి దొరికిందా, దుఃఖంలో ఆదరణ దొరికిందా అన్నవే అక్కడి ప్రశ్నలు. ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు తమ తమ ఫలితాలను ఒకరి ముందొకరు పెట్టుకొని పరిశీలించుకొన్నట్టుగా ఆత్మీయ విషయాలను కూడా పరిశీలించుకోవాలన్నది ఆయన ఉద్దేశం. వాదం నడిచే చోట మనుషులు తమ లోతైన విషయాలను బయటపెట్టరనీ, అవి అక్కడ వాడిపోతాయనీ, గౌరవం ఉన్నచోటే అవి వికసిస్తాయనీ ఆయన నమ్మాడు.

ఈ పద్ధతి ఇతరులకంటే క్రైస్తవులకే పెద్ద పరీక్ష. ఎన్ని వాక్యాలు కంఠస్థం వచ్చినా, ఎంత వేదాంతం చదివినా ఆ వలయంలో అది అక్కరకు రాదు. క్రీస్తు నీకేమయ్యాడు అన్నప్పుడు చెప్పడానికి జీవితంలో ఏదో ఒకటి ఉండాలి. వేదాంత కళాశాలల్లో చదువుకొచ్చిన మా వంటి పాస్టర్లను కూడా ఈ ప్రశ్న వదిలిపెట్టదు. ఇతరుల విశ్వాసంలో లోపాలను గంటల తరబడి చెప్పగలిగి, మన జీవితంలో ప్రభువు చేసిన కార్యాన్ని ఐదు నిమిషాలు కూడా చెప్పలేకపోతే, ఆ గుండ్రబల్ల దగ్గర మనకు మిగిలేది మౌనమే.

ఆయన్ను విమర్శించినవారు తక్కువేమీ కాదు. అన్ని మతాలనూ ఒకే వరుసలో కూర్చోబెట్టి సువార్తను పలుచన చేస్తున్నాడని కొందరు క్రైస్తవులు అనుమానించారు. తియ్యటి మాటలతో మతం మార్చడానికి ఇదొక కొత్త ఎత్తు అని మరికొందరు అనుమానించారు. ఆయన ఇద్దరికీ ఒకే జవాబుగా జీవించాడు. క్రీస్తు ప్రభువు సాటిలేనివాడన్న తన విశ్వాసాన్ని ఆయన ఎక్కడా దాచలేదు, సడలించలేదు. అందరూ ఆ ప్రభువును తెలుసుకోవాలన్న తన కోరికను కూడా దాచలేదు. ఆయన కపటం లేకుండా మాట్లాడాడు కాబట్టే విభేదించినవారు కూడా ఆయన పక్కన కూర్చోగలిగారు. ఆ సమావేశాలన్నింటిలోనూ చివరికి క్రీస్తే అందరి హృదయాల మధ్య ప్రత్యేకంగా నిలబడటం తాను చూశానని ఆయన సాక్ష్యమిచ్చాడు. సత్యం మీద అంత నమ్మకం ఉన్నవాడికి ఎదుటివాడి మాట వినడానికి భయమెందుకు? వినలేనితనం చాలాసార్లు విశ్వాసం ఎక్కువై కాదు, తక్కువై వస్తుంది.

1930లో హిమాలయాల దిగువన, నైనితాల్ దగ్గర సాత్‌తాల్ అనే చోట ఆయన ఒక ఆశ్రమాన్ని స్థాపించాడు. ఆశ్రమమన్న మాట, పద్ధతి రెండూ ఈ దేశానివే. అక్కడ అందరూ భారతీయ దుస్తులు ధరించి, ఈ దేశపు భోజనమే చేసేవారు. బిరుదులు, హోదాలు బయటే వదిలి సహోదరుడు, సహోదరి అని పిలుచుకొనేవారు. ప్రారంభంలోనే ఒకరి ముందొకరు తమ అవసరాలను, బలహీనతలను విప్పి చెప్పుకొనే ఒక సమయం ఉండేది. వారంలో ఒక రోజు పారిశుద్ధ్య పనివాడికి సెలవిచ్చి, మరుగుదొడ్లు కడగడంతో సహా ఆ పనిని ఆశ్రమవాసులే చేసేవారు. ఒక బ్రాహ్మణ విశ్వాసిని నీవెప్పుడు వస్తావని జోన్స్ అడిగితే, తాను మారుమనసు పొందిన మాట నిజమే గాని అంత దూరం ఇంకా రాలేదని అతడు చెప్పాడట! నవ్వు తెప్పించే మాటే అయినా, మన సంఘాల్లో కులం ఇంకా ఎక్కడ దాక్కొని ఉందో చూపించే మాట కూడా ఇది. చీపురు పట్టలేని చేతులతో ఎన్ని గ్రంథాలు పట్టుకొని వాదించినా లోకం నమ్మదు.

ఆయన పరిచర్య ఫలాలు చాలా దూరం వెళ్లాయి. మానసిక వ్యాధిగ్రస్తుల కోసం 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే చికిత్సా కేంద్రాన్ని ప్రారంభించాడు. తానే ఒకప్పుడు మనసు కుంగి పడిపోయినవాడు కాబట్టి ఆ వేదన ఆయనకు తెలుసు. 1948లో గాంధీజీని గురించి ఆయన రాసిన పుస్తకం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ చేతికి చేరింది. నల్లజాతి ప్రజల అహింసా పోరాటానికి నాయకత్వం వహించిన కింగ్, ఆ పుస్తకం తనపై చూపిన ప్రభావాన్ని గురించి జోన్స్‌కే స్వయంగా చెప్పాడు. ఒక హిందువు జీవితాన్ని ఒక మిషనరీ గౌరవంతో గ్రహించి రాస్తే, అది మరో ఖండంలోని ఒక పాస్టరుకు దారి చూపించింది. ఎదుటివాడిని గౌరవంతో వినడం వల్ల ఎంత మేలు జరుగుతుందో మనం ముందుగా లెక్కవేయలేం.

1971 డిసెంబరులో, 88 ఏళ్లు నిండటానికి కొద్ది వారాల దూరంలో, ఆయనకు పక్షవాతం వచ్చింది. మాటలతోనే బతికిన మనిషికి మాట పడిపోయింది. నడక, చూపు కూడా దెబ్బతిన్నాయి. వకీలుకైతే గొంతు పోతే అంతా పోయినట్టే, సాక్షికి మాత్రం బతుకే సాక్ష్యం. తడబడే మాటలను టేప్ రికార్డరులోకి పలుకుతూ ఆయన తన చివరి పుస్తకాన్ని చెప్పాడు. అది ఆయన మరణానంతరం 1975లో ద డివైన్ యస్ అన్న పేరుతో వెలువడింది. 1972లో చక్రాల కుర్చీలో యెరూషలేముకు వెళ్లి ఆశ్రమాల ప్రపంచ మహాసభలో మాట్లాడాడు. ఆ తర్వాత తాను ప్రేమించిన ఈ దేశానికే తిరిగొచ్చి, 1973 జనవరి 25న బరేలీలో ప్రభువు సన్నిధికి చేరుకున్నాడు. మొదటి ప్రసంగంలో మాటలు మరచిపోయినప్పుడు ఏ సాక్ష్యం మిగిలిందో, చివరి రోజుల్లో గొంతు మూగబోయినప్పుడూ అదే సాక్ష్యం మిగిలింది.

తన నిరీక్షణకు కారణమేమిటని అడిగే ప్రతివారికీ జవాబివ్వడానికి విశ్వాసి సిద్ధంగా ఉండాలనీ, ఆ జవాబులో మృదుత్వం, గౌరవం ఉండాలనీ పేతురు తన పత్రికలో హెచ్చరించాడు (1 పేతురు 3:15). మనలో చాలామందికి ఆ వచనంలో మొదటి సగం మాత్రమే జ్ఞాపకముంటుంది. ఏథెన్సులో విగ్రహాలను చూసి ఆత్మలో ఎంతో పరితపించిన పౌలు, నోరు విప్పినప్పుడు మాత్రం అక్కడివారి భక్తిని గుర్తిస్తూ తన మాటలు మొదలుపెట్టాడు (అపొ.కా. 17). పుట్టుగుడ్డివాడిగా ఉండి చూపు పొందినవాడు పండితుల ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పలేకపోయాడు. కానీ ఒకప్పుడు చూపు లేదనీ, ఇప్పుడు చూస్తున్నాననీ అతడు చెప్పినదాన్ని ఏ పండితుడూ కాదనలేకపోయాడు (యోహాను 9).

ఈ వారం మనలో ఎవరికైనా అటువంటి ప్రశ్న ఎదురుకావచ్చు. అడిగినవారి మాట పూర్తయ్యేదాకా విందాం. వారి విశ్వాసంలో వారికి ప్రియమైనదేమిటో నిజంగా తెలుసుకోవాలని అడుగుదాం. వారు మన తప్పులు ఎత్తిచూపితే, నిజమైనవాటిని ఒప్పుకుందాం. మన వంతు వచ్చినప్పుడు ప్రభువు మనకు ఏమయ్యాడో దాచకుండా, పెంచకుండా చెబుదాం. అంతటితో మన పని అయిపోయింది, మిగిలింది పరిశుద్ధాత్ముని పని. ఆ మనిషి మన మాటను ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, రేపు మళ్లీ మన గుమ్మంలోకి వచ్చి కూర్చోగలిగితే చాలు, ప్రభువు మాట్లాడటానికి మరో రోజు దొరికినట్టే.